తుండుగుడ్డ కింద కుదిరిన మేళం

మొన్న మనవరాలి పెండ్లికి అందరం గాజులు వేయించుకుంటున్నాం. నా వంతు వచ్చినప్పుడు గాజులాయన నా చేతిని నీళ్ళతో తడిపి, నాలుగు వేళ్ళనూ దగ్గరికి చేర్చి గట్టిగా నొక్కాడు. ముసలి ఎముకలు, నొప్పి పుట్టాలి. నాకు మాత్రం నవ్వు వచ్చింది. "ఏమవ్వా, నీలో నువ్వే నవ్వుకుంటా ఉండావు?" అని మనవరాలు అడిగింది. అది ఒక్క మాటలో తేలే సంగతి కాదు. నా నాలుగు వేళ్ళను సరిగ్గా అట్లాగే కలిపి నొక్కిన మనిషి ఇంకొకాయన ఉండేవాడు. పేరు చెంగయ్య. నేను మామా అని పిలిచేదాన్ని.

చెంగయ్య మామ మాకు చుట్టం కాదు. తిరుపతిలో మా ఎదురింటాయన. ఆయన పని పశువుల బేరం. చిత్తూరు సంతలోనో పుంగనూరు సంతలోనో ఎద్దును అమ్మేవాడికీ కొనేవాడికీ నడుమ నిలబడి ధర తేల్చేవాడు. ఆ బేరం నోటితో జరగదు. ఇద్దరి చేతుల మీదా తుండుగుడ్డ కప్పి, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుంటారు. ఒక వేలు పడితే పది రూపాయలు, రెండు పడితే ఇరవై, చేయి మొత్తం పడితే యాభై. చుట్టూ ఎంతమంది మూగినా ఆ ఇద్దరికి తప్ప మూడో మనిషికి ధర తెలియదు. నా చిన్నప్పుడు మా తిన్నె మీద కూర్చోబెట్టుకుని ఈ వేళ్ళ లెక్క నాకు ఆటగా నేర్పాడు. ఆడపిల్లకు సంత విద్యలు ఎందుకని మా అవ్వ సణిగేది. మామ విననట్టే ఉండేవాడు. ఎద్దుల్ని కుదిర్చే మనిషి పెండ్లి మేళాన్ని మాత్రం కుదర్చలేడా అని వీధిలో ఎవరింట శుభకార్యమైనా ముందు ఆయన్నే పిలిచేవాళ్ళు.

మా నాయన నా పదకొండో ఏట పోయాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు నాకు చిత్తూరు సంబంధం కుదిరింది. మంచివాళ్ళే, కానీ పెద్ద మేళం ఉండి తీరాలన్నారు. అంటే రెండు నాదస్వరాలు, రెండు డోళ్ళు. అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఎదురింటికి వెళ్ళింది.

"అన్నా, మేళానికి నాలుగు పదులు దాటితే నా వల్ల కాదు" అంది. "అట్లని తండ్రి లేని బిడ్డ గదా అని ఎవురూ జాలిపడి తగ్గించగూడదు. రేపు ఆ ఇంట్లో నా బిడ్డ తల దించుకోగూడదు."

మామ కాసేపు వక్క నమిలి, "సరే సెల్లెమ్మా, సూస్తాంలే" అన్నాడు. పెద్ద మేళం యాభైకి తక్కువ రాదని ఊరందరికీ తెలుసు. ఆ పది రూపాయలు ఎట్లా తగ్గుతాయి, తగ్గితే ఎవరి నోట ఏ మాట వినాల్సి వస్తుంది అనే దిగులుతో ఆ రోజు నుంచి అమ్మకు అన్నం సయించలేదు.

మేళం కంటే ముందు పందిరి, వంట చూసుకున్నాం. మామ మనుషుల్ని ఎంచే తీరు కూడా ఎద్దుల్ని ఎంచే తీరే. ఒక పందిరాయన వచ్చి తన పనితనం గురించి గొప్పలు చెబుతుంటే, మామ బండి దగ్గరికి పోయి తాళ్ళు పట్టి లాగాడు. రెండు పుటుక్కున తెగాయి. ఆయనకు మజ్జిగ ఇచ్చి పంపేశాడు. ఏర్పేడు నుంచి వంటాయన వచ్చినప్పుడు, అలవాటు కొద్దీ పళ్ళు కూడా చూస్తాడేమోనని నేను నిజంగానే భయపడ్డాను. వంటాయన ఏ జమీందారు ఇంట్లో ఏమేమి వండాడో మొదలుపెట్టగానే మామ ఆయన్ని దొడ్లోకి తీసుకుపోయి తడిసిన కట్టెలు చూపించాడు.

"వీటితో పొయ్యి ఎలిగించి నాకింత చారు పెట్టప్పా. జమీందారు సంగతి తిన్నాక ఇంటాను."

"ఇవి అంటుకోవన్నా. పొగ తప్ప ఏమీ రాదు."

"రేపు వానొస్తే మా కాడ ఉండేది ఈ కట్టెలే. చక్కెర గూడా రేషన్లో అంతంత మాత్రం. బెల్లంతోనే అన్నీ కానియ్యాల. చేస్తావా, సెప్పు."

వంటాయన పంచె ఎగగట్టి పొయ్యి ముందు కూర్చున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా ఊదడం మానలేదు. చారు బాగా కుదిరింది. మామ రెండు గిన్నెలు తాగి, ఆయన అడిగిన ధరకు ఒక్క అణా తగ్గించకుండా ఒప్పుకున్నాడు. అమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. "ఇదేం బేరమన్నా?" అంటే, "పొగలో కూర్చునేవాని కూలి కోస్తే వాడు మన పప్పులో నెయ్యి కోస్తాడమ్మా" అన్నాడు.

మేళానికి శ్రీకాళహస్తి నుంచి రాఘవయ్య అనే పెద్దాయన్ని పిలిపించాడు. ఆయన వాయిద్యం గురించి ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. సరిగ్గా ఆయన వచ్చిన పొద్దే, ఏర్పాట్లు ఎంతవరకు వచ్చాయో చూద్దామని చిత్తూరు నుంచి పెండ్లికొడుకు చిన్నాయన కూడా దిగాడు. ఇంక ధర నోటితో ఎట్లా మాట్లాడతారు? అమ్మ, నేను తలుపు వెనక నిలబడ్డాం. రాఘవయ్య లోపలి గోడ మీద దండ వేసి ఉన్న మా నాయన పటం వైపు కాసేపు చూసి, తమలపాకుల తట్ట పక్కకు జరిపి, సంత లెక్క తనకూ తెలుసన్నట్టు చేయి చాచాడు. మామ భుజం మీది తుండుగుడ్డ తీసి రెండు చేతుల మీదా కప్పాడు.

అంత సేపు జరిగిన బేరం నేను మళ్ళీ చూడలేదు. గుడ్డ ఎగిరెగిరి పడుతోంది. రాఘవయ్య తల అడ్డంగా ఊపుతాడు. మామ పళ్ళు కొరుకుతాడు. ఒకసారి రాఘవయ్య చేయి లాక్కుని లేవబోతే మామ బలవంతాన కూర్చోబెట్టాడు. చిన్నాయనకు ఇదంతా సంబరంగా ఉంది. "మీ చెంగయ్య భలే గట్టోడప్పా, మేళమాయనకు ఊపిరాడనియ్యడంలే" అన్నాడు. అమ్మ నా భుజం పట్టుకుంది. "యాభై దిగడంలే పాపా. లేచిపోతాడు" అని గొణిగింది. నాకూ ఏడుపు వచ్చింది.

చివరికి మామ గుడ్డ లాగి, ముఖం తుడుచుకుని, రాఘవయ్య చేతిలో తాంబూలం పెట్టాడు.

"ఎంతకు తెగిందప్పా?" అన్నాడు చిన్నాయన.

"అది ఈ గుడ్డకే ఎరుక" అన్నాడు మామ.

చిన్నాయన వెళ్ళాక అమ్మ పరుగున బయటికి వచ్చింది. మామ నాలుగు వేళ్ళు చూపించాడు. "జాలిపడి కాదు గదన్నా?" అని అమ్మ అడిగితే, "జాలా? ఈ వేళ్ళు సూడు, ఎట్లా కందిపోయినాయో" అని చేయి చాపాడు. నిజంగానే ఎర్రగా ఉన్నాయి. ఆ పూట అమ్మ కడుపు నిండా తిన్నది.

పెండ్లినాడు రాఘవయ్య బృందం వాయిస్తుంటే వీధిలో పోయేవాళ్ళు ఆగి విన్నారు. ఇంతటి మేళాన్ని మెడలు వంచి కుదిర్చారని చిన్నాయన చిత్తూరు వాళ్ళందరికీ చెప్పాడు. అమ్మ ఆ మాట వింటూ పందిట్లో తల ఎత్తుకుని తిరిగింది.

నేను అత్తవారింటికి బయలుదేరేటప్పుడు మామ బస్సు దగ్గరికి వచ్చాడు. ఏదో ఆశీర్వాదం చెబుతాడనుకుంటే, నా చేతి మీద తుండుగుడ్డ కప్పాడు. రెండు వేళ్ళు పట్టి, "రాఘవయ్య" అన్నాడు. నాలుగు వేళ్ళు కలిపి నొక్కి, "నేను" అన్నాడు. మళ్ళీ రెండు. మళ్ళీ నాలుగు. నాకు తెలియడానికి కాస్త సమయం పట్టింది.

"ఆయన ఇరవయ్యే అడిగినాడా మామా?"

"మీ నాయన పటం సూసినాడు గదా. రెండు పదులు సాలు, ఆపైన ముట్టనని మొండికేసినాడు. అమ్మేమో జాలి వద్దనింది. ఆ పొద్దంతా నేను ధర పెంచేదానికి సచ్చినాను పాపా." ఆయన కళ్ళలో నవ్వుతో పాటు నీళ్ళూ ఉన్నాయి. "అమ్మ తనకు చేతనైందంతా ఇచ్చింది. ఆయన మామూలు యాభైలో పది తగ్గి మర్యాద నిలుపుకున్నాడు. ఇద్దురూ బాగుండారు. అమ్మకు మాత్రం సెప్పొద్దు."

నేను చెప్పలేదు. ఆ తర్వాత అమ్మ ముప్పై ఏళ్ళు బతికింది. వీధిలో ఎవరింట పెండ్లి మాట వచ్చినా, "నా బిడ్డకు ఎవురూ జాలిపడి ఏదీ చెయ్యలేదు. మా చెంగయ్యన్న మేళాన్ని గంట సేపు బేరమాడి కుదిర్చినాడు" అని మొదలుపెట్టేది. మామ పక్కనుంటే ఆకాశం వైపు చూసేవాడు. నేను పుట్టింట్లో ఉంటే నా నాలుగు వేళ్ళూ ఒకసారి నొక్కేవాడు. నా పిల్లల పెండ్లిళ్ళకు వంటవాళ్ళనూ మేళాలనూ నేనే కుదిర్చాను. తడి కట్టెల పరీక్ష పెట్టాను, కసురుకున్నాను, తగవు కూడా పడ్డాను. అడిగిన ధరకు తల ఊపే ముందు, తగ్గించమనే ముందు కూడా, ఎదుటి మనిషి చేతుల వైపు చూడడం మాత్రం మానలేదు. మామ పోయాడు. అమ్మ చివరి వారంలో, మాట తడబడుతున్నప్పుడు కూడా ఆ బేరం కథే చెప్పింది. "అవునమ్మా, ఎవురూ జాలిపడలేదు" అన్నాను. అది అబద్ధమని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు.

గాజులాయన నా చేయి వదిలాక మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. దాని చేతి మీద నా కొంగు కప్పి, రెండు వేళ్ళు పట్టుకున్నాను. తర్వాత నాలుగు. మళ్ళీ రెండు. మళ్ళీ నాలుగు.

"ఏందవ్వా ఇది?" అంది.

"మా అమ్మకు చెప్పని మాట" అన్నాను.