ఆకు మాట వినే పోలయ్య

పోలయ్య తాత ఏ వస్తువునైనా చెవి దగ్గర నలిపి వింటేగాని నమ్మడు.

అరకు పక్క గూడెంలో ఆయన పండించేది పొగాకు. చెవి దగ్గర ఆకు గలగలమంటే మరీ ఎండినట్టు. కట్ట కడితే పొడైపోతుందని పొద్దుటి పొగమంచులో వేలాడదీసి మెత్తబరుస్తాడు. అసలు చప్పుడే లేకపోతే బూజు ఖాయమని పొయ్యి మీది అటకెక్కిస్తాడు. గుసగుసలాడితేనే కట్ట. అంతవరకు బాగానే ఉంది. అప్పడాన్నీ, శుభలేఖనీ కూడా వింటాడు. "ఈ పెళ్లికి వాన తప్పదు" అంటాడు.

ఆయన ఇంట్లో అద్దెకున్న సైన్సు టీచరు సిల్వియాకు గాలిలో తేమ చూపే మీటరుంది. ఎనిమిది నెలల కొడుకు ఐజాక్ ఉన్నాడు. వాడికి దగ్గు. "తడి బట్ట వెయ్యకండి" అని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఆమె మీటరు చూడకుండా ఊపిరి కూడా పీల్చడం లేదు.

డిసెంబరు మంచు వారమైనా కదల్లేదు. మీటరు తొంభై నాలుగు దగ్గరే కూర్చుంది. అయినా వరండాలో ఆరేసిన బిడ్డ బట్టలు పొద్దున ఏడింటికల్లా పెళపెళలాడుతున్నాయి!

"గాలి దారి లెక్కగట్టి తాడు మార్చాను తాతా," అంది సిల్వియా గర్వంగా.

"సదువంటే అదే మేస్టరమ్మా," అని పోలయ్య తలూపాడు.

మర్నాడు ఐజాక్ దగ్గుతూ ఆరింటికే లేచాడు. చూస్తే వరండాలో తాడు ఖాళీ! పోలయ్య వంటింట్లో వెలుగు చూసి సిల్వియా బిడ్డనెత్తుకుని అటు పరుగెత్తింది. అటక మీద ఆకు ఒక్కటి లేదు. పోలయ్య అటకను శుభ్రంగా కడిగి, కొత్త తాడు కట్టి, నిప్పుల సెగకు బుల్లి చొక్కాలు ఆరేశాడు. ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టి వింటున్నాడు. పెరటి చూరు కింద ఆయన ఏడాది పంట మంచుకు నానుతోంది.

"తాతా! ఆకులు బూజు పట్టిపోతాయి!"

"ఉస్! ఈ లాగు ఇంకా మాటాడ్డం నేదు."

"మీ కష్టమంతా..."

"ఏటి సేత్తాను? గుంటడు దగ్గుతుంటే ఆకు మాట ఇనబడదు."

"నాకు చెప్పలేదేం?"

"నీ తాడు సిన్నబుచ్చుకుంటాది కదమ్మా."

సిల్వియాకు నోట మాట రాలేదు.

"సప్పుడు నేదంటే సెమ్మున్నట్టే. రా, పొయ్యి కాడ కూసో," అన్నాడు పోలయ్య.

మంచు విడిచాక ఆదివారం ఆమె చర్చి నుంచి నేరుగా వచ్చి, ఆయనతో కలిసి ఆకులు తిరగేసింది. నాలుగు కట్టల ఆకు బూజుపట్టి పోయింది. మిగిలింది గుసగుసలాడింది. ఐజాక్ దగ్గు తగ్గింది. మీటరు వాడి ఆటబొమ్మయింది.

ఇప్పుడు వాడికి చొక్కా తొడిగే ముందు సిల్వియా అటూ ఇటూ చూసి, చటుక్కున చెవి దగ్గర నలుపుతుంది.

"ఏటంటంది మేస్టరమ్మా?" అని వరండాలోంచి వినిపిస్తుంది.

"ఆరానంటోంది తాతా!"