కుట్టేసిన చివరి అధ్యాయం

"ఒక్క నవలా చదవకుండా నవలల షాపు ఎలా నడుపుతున్నావమ్మా?" అని ఒక కాలేజీ లెక్చరరు ఆమెను మొహం మీదే అడిగాడు.

"చెప్పుల షాపువాడు అన్ని సైజులూ తొడుక్కుని చూస్తాడా సార్?" అంది, ఆయన తెచ్చిన పుస్తకం అట్ట తుడుస్తూ.

బస్టాండు వెనక సందులో ఆమెది అద్దె పుస్తకాల షాపు. రోజుకింత అని అద్దె. ఎక్కువగా తిరిగేవి ఒకే రకం: ఒక ప్రేమ, ఒక హత్య, పాత మేడలో ఒక దెయ్యం. సాహిత్యం మనిషిని ఉద్ధరిస్తుందని ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఒక సాయంత్రం అక్కడ నిలబడితే మంచిది. ఉద్ధరింపు కోసం ఎవరూ రారు, నిద్ర చెడగొట్టుకోవడానికి వస్తారు. తిరిగిచ్చేవాళ్ళని "ఎలా ఉంది?" అని అడిగి, విన్నది తర్వాతివాళ్ళకు చెబుతుంది. ఆమె చదువంతా చెవులతోనే.

"దెయ్యం వచ్చినప్పుడల్లా ఆ పిల్ల జుట్టు విరబోసుకుని మేడెక్కుతుందేంటక్కా, క్లిప్పు దొరకదా?" అనేది ఆస్పత్రి నర్సు. "హంతకుణ్ణి ముందే పసిగట్టేశా. కథ మొత్తంలో నమ్మదగ్గ మనిషి దెయ్యమొక్కటే" అనేవాడు రిటైరైన బ్యాంకు గుమాస్తా. ఆయన మాటంటే ఆమెకు గురి.

ఎదురు షాపులో బట్టలు కుట్టే టైలరమ్మకు భర్త పోయి ఏడాది కాలేదు. ఒకరోజు వచ్చి, "వదినా, దెయ్యం నిజంగా దెయ్యమే అయ్యే పుస్తకముంటే ఇవ్వు. చివర్లో ఎవడో ముసుగేసుకుని తిరిగాడంటే ఒప్పుకోను" అంది.

గుమాస్తా అసలైన దెయ్యమని మెచ్చుకున్న నవల తీసిచ్చింది. అందులో చనిపోయిన మొగుడు మెట్లెక్కే చప్పుడు భార్యకు వినిపిస్తూ ఉంటుంది. "నిజమైన దెయ్యమే. నాదీ పూచీ."

పుస్తకం తిరిగొచ్చేసరికి చివరి అధ్యాయం తెరుచుకోలేదు. అంచు వెంట నల్లదారంతో కుట్టేసి ఉంది.

"ఆ చప్పుడు ఆస్తి కోసం మరిది చేసిందట. నీ పూచీ బాగానే ఉంది వదినా. పుస్తకం ఖరీదు కట్టేస్తాలే" అని వెళ్ళిన టైలరమ్మ మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. ఏళ్ళ స్నేహం అక్కడితో ఆగిపోయింది.

గుమాస్తాను నిలదీస్తే సంగతి బయటపడింది. ఇంకో రోజు అద్దె పడుతుందని చివరి అధ్యాయం చదవకుండానే ఇచ్చేశాడు. "అప్పటిదాకా దెయ్యమేగా అమ్మా" అని నసిగాడు. అభిప్రాయానికి అద్దె లేదు కాబట్టి అది మాత్రం పూర్తిగా చెప్పాడు.

తప్పు ఆయన మీదికి తోసెయ్యొచ్చు. ఆమె తోసెయ్యలేదు. కత్తెరతో కుట్లు విప్పి, మొదటిసారి ఒక అధ్యాయం చదివింది. మరిది దొరికిపోయాడు. డిటెక్టివు ఆ భార్యను పెళ్ళాడాడు. మెట్ల మీద ఇక ఎవరూ నడవలేదు.

పుస్తకం పట్టుకుని సందు దాటింది.

"చదివాను వదినా. నువ్వు కుట్టిందే నయం. మళ్ళీ కుట్టు."

టైలరమ్మ ఎగాదిగా చూసింది. "నువ్వా? చదివావా?"

"నీ పుణ్యమే."

"కుట్టేస్తే అద్దెకెవరు తీసుకుంటారు?"

"చెప్పే ఇస్తా. కావాల్సినవాళ్ళు విప్పుకుంటారు."

టైలరమ్మ సూది తీసి దారం పెట్టె వెతికింది. "నల్లది అయిపోయింది. ఎర్రది పర్లేదా?"

ఇప్పుడా షాపులో అందరూ అడిగేది ఆ నవలే. నర్సు విప్పకుండా తిరిగిచ్చింది. గుమాస్తా విప్పి చదివి, దెయ్యమే నయమన్నాడు. విప్పినప్పుడల్లా టైలరమ్మ మళ్ళీ కుడుతుంది. పుస్తకం ఖరీదు టైలరమ్మ ఇంకా కట్టలేదు, కుట్టుకూలి ఈమె ఇంకా ఇవ్వలేదు.