అవ్వ చెప్పిన బద్ధకం

"అవ్వ పొయ్యింది పాపా. పొద్దున కాఫీ ఇద్దామని పోతే లేయలేదు."

ధర్మవరం నుంచి ఈ ఫోను వచ్చినప్పుడు నేను హిందూపురం స్టేషన్లో టికెట్ల వరసలో నిలబడి ఉన్నాను. చేసింది అవ్వ పక్కింటి నేతగాడి భార్య. వెనకున్నాయన "ముందుకు జరగమ్మా" అంటే జరిగాను. టికెట్ తీసుకుని రైలెక్కాను. పెనుకొండ దాటేదాకా ఏడుపు కూడా రాలేదు. ఒళ్ళు అంతగా అలిసిపోయి ఉంది.

ఆమె నాకు చుట్టం కాదు. అరవై దాటినవాళ్ళ ఆరోగ్యం మీద జరుగుతున్న ఒక పరిశోధన కోసం ఇంటింటికీ తిరగడం నా ఉద్యోగం. నెలకోసారి ఒక్కొక్కరినీ చూసి బీపీ, బరువు, చేతి పట్టు రాసుకోవాలి. ఈ నెలలో ఎక్కడైనా పడ్డారా, తిండి తింటున్నారా అని అడగాలి. మొదటిసారి అందరికీ, ఆ తర్వాత జ్వరమో దగ్గో ఉందన్నవాళ్ళకు ముక్కులో పుల్ల పెట్టి తీసి, కార్డు మీద చుక్కలు వేసి, పదిహేను నిమిషాలు ఆగాలి. ఒక గీత వస్తే ఫ్లూ వైరస్ లేనట్టు, రెండొస్తే ఉన్నట్టు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఆ వీధి నా వంతుకు వచ్చింది. అవ్వ అక్కడ ఒంటరిగా ఉంటూ ఇరుగుపొరుగు మగ్గాలకు కండెలు చుట్టి ఇచ్చేది. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న గొట్టాలకు దారం చుట్టడమన్నమాట.

మొదటిరోజు ముక్కులో పుల్ల అనేసరికి వీధిలో తలుపులన్నీ మూసుకున్నాయి. అవ్వ ఒక్కతే బయటికి వచ్చి అరుగు మీద కూర్చుంది.

"ముక్కే కదా, కోసుకోనైతే పోవు. రా పాపా" అంది. కార్డు వైపు అనుమానంగా చూసి, "రెండు గీతలొస్తే నీళ్ళోసుకున్నట్లు కాదు కదమ్మా? ఈ వయసులో వీధిలో తలెత్తుకోని తిరగలేను."

వీధంతా నవ్వింది. ఆ నవ్వుతోనే తలుపులు తెరుచుకున్నాయి. చేతి పట్టు చూసే మిషను ఇచ్చి గట్టిగా పిసకమంటే, "ఎవురి గొంతనుకోని పిసకల్ల?" అని అడిగేది. ప్రతి నెలా అదే మాట, ప్రతి నెలా నేను నవ్వేదాన్ని.

వీధిలో ఎవరికి పరీక్ష చేసినా కార్డు అవ్వ అరుగు మీదే పెట్టేదాన్ని. ఎండలో పడి వచ్చిన నన్ను చూస్తే ఆమెకు జాలి. "పదిహేను నిమిషాలుండాది కదా, రొంత కునుకు తీయి. రెండో గీతొస్తే నేను లేపుతా" అని చాప పరిచేది. నేను నడుం వాల్చేదాన్ని. ఆమె కండెలు చుట్టుకుంటూనే, పాలు పొంగుతాయేమో అన్నట్టు కార్డు మీద ఒక కన్నేసి ఉంచేది. నా ఉద్యోగంలో సగం ఆమె చేసిందని ఈ పరిశోధన చూసుకునే మా డాక్టరమ్మకు ఇప్పటికీ తెలియదు.

ఒకరోజు వీధిలోకి అడుగు పెట్టగానే అవ్వ నన్ను ఆపింది. "ఎదురింటి పెద్దాయన్ను చూడు ముందు."

"ఆయనకేమీ లేదని కొడుకు చెప్పినాడే అవ్వా?"

"పొద్దుట్నుంచి మగ్గం దెబ్బ తప్పుతాండాది. రొంచేపు ఆడతాది, నిలబడతాది. విను."

విన్నాను. నాకు అన్ని మగ్గాలూ ఒకేలా వినిపించాయి. అయినా ఆమె మాట తీసేయలేక వెళ్ళాను. ఒళ్ళు కాలడం లేదు, దగ్గు లేదు. ఆయన నన్ను కసురుకున్నాడు కూడా. కార్డు మీద రెండో గీత మసగ్గా, కానీ ఖాయంగా వచ్చింది. సాయంత్రానికల్లా ఆసుపత్రిలో చేర్చారు. వారం తర్వాత నడుచుకుంటూ ఇంటికొచ్చాడు.

ఆ రోజు అవ్వ చెప్పిన మాట నేను చాలామందికి చెప్పాను. "జొరం వచ్చేది వయసోళ్ళకు పాపా. మాకు ఉత్త బద్దకం వస్తాది. అది చూసుకోవల్ల." డాక్టరమ్మకు చెబితే నవ్వలేదు. ముసలితనంలో ఒంట్లోకి రోగం వచ్చినా ఒళ్ళు వేడెక్కకపోవచ్చనీ, తిండి తగ్గడం, పడుకునే ఉండటం, ఉన్నట్టుండి తూలిపడటం, ఇవే గుర్తులు కావచ్చనీ చెప్పింది. చదువుకున్నామె, చదువు లేనామె ఒకే సంగతి చెప్పారు. నేను ఇద్దరి మాటా విన్నాను.

విని ఏం చేశానో కూడా చెప్పాలి.

అవ్వ పోయే ముందటి శుక్రవారం నేను రెండు రోజులుగా కనగానపల్లి చుట్టుపక్కల పల్లెలు తిరిగి ధర్మవరం బస్టాండులో దిగాను. కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. అవ్వ వీధిలో ఇంకా ఆరు ఇళ్ళున్నాయి. ఆటో ఎక్కితే ఎంతో దూరం లేదు. వెళ్ళలేని రోజు ఫోన్లో అడిగి రాయవచ్చని మాకొక వెసులుబాటు ఉంది. బెంచీ మీద కూర్చుని ఆరుగురికీ ఫోను చేశాను.

"ఎట్లుండావవ్వా?"

"బాగుండాన్లే పాపా. రొంత బద్దకంగా ఉండాది, అంతే."

"జ్వరముందా? దగ్గు?"

"అవేం లేవు."

రెండింటికీ 'లేదు' అని రాశాను. "బద్ధకంగా ఉంటే పడుకో అవ్వా" అని పైగా హాస్యమాడాను.

"నువ్వూ పండుకో పాపా. గొంతు వింటాంటే తెలుస్తాండాది, బో అలిసినావు" అంది.

నా గొంతులో అలసట ఆమెకు వినిపించింది. ఆమె నోరు తెరిచి చెప్పింది నాకు వినిపించలేదు. సోమవారం పొద్దున ఆమె లేవలేదు. బుధవారం పక్కింటి పిల్లలిద్దరికీ దగ్గు పట్టుకుంటే పరీక్ష చేశాను. ఫ్లూ, రెండు గీతలూ స్పష్టంగా వచ్చాయి. అవ్వ రోజూ ఆ పిల్లలతోనే కూర్చుని అన్నం తినేది. కార్డుకు పదిహేను నిమిషాలు చాలు. దాన్ని సంచిలోంచి తీసేంత ఓపిక ఆ రోజు నాకు లేకపోయింది.

మనిషి పోయాక నింపాల్సిన ఫారం ఒకటుంటుంది. చివరి రోజుల్లో చూసినవాళ్ళను అడిగి రాయాలి. అది పట్టుకుని మొన్న మళ్ళీ ఆ వీధికి వెళ్ళాను. పక్కింటామె ఎంతో ఆలోచించి చెప్పింది. "రోగమేం లేదు పాపా. నాలుగు దినాలు కండెలు తక్కువ చుట్టింది. వయసైంది కదా, పండుకోని సుదారించుకోనీలే అనుకుంటిమి." ఆమెను నేనేమనగలను? నాకు జీతమిచ్చేదే ఆ తేడా కనిపెట్టమని.

'జబ్బు గుర్తులు మొదట ఎవరికి తెలిశాయి' అన్న చోట నా పేరే రాశాను. కింద, శుక్రవారం ఫోన్లో బద్ధకంగా ఉందని చెప్పిందనీ, నేను వెళ్ళలేదనీ రాశాను. డాక్టరమ్మ చదివి, వెళ్ళినా బతికేదని చెప్పలేం అంది. నిజమే కావచ్చు. పోయింది గుండె వల్ల కూడా కావచ్చునంది. ఆ మాట విన్నా నాకు నిద్ర పట్టలేదు. ఉద్యోగం ఉంటుందో పోతుందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

మొన్న పక్కింటామె దగ్గర ఫారం ముగించాక అదే వీధిలో చివరింటికి వెళ్ళాను. అక్కడి తాత గోడకానుకుని కూర్చుని ఉన్నాడు.

"బాగుండాను తల్లీ. రాసుకో, పో. నీకు రైలుకు టైమయితాంది."

"రాయను తాతా. లేచి ఆ గడప దాకా నడిచి రా, చూస్తాను."

"ఏమ్మా, పెండ్లిచూపులా?"

నవ్వుతూనే మోకాళ్ళ మీద చేతులాన్చాడు. ఒకసారి లేవబోయి కూలబడ్డాడు. రెండోసారి లేచి, గోడ పట్టుకుని, ఒక్కో అడుగే వేయడం మొదలుపెట్టాడు. స్టేషన్ వైపు నుంచి నా రైలు కూత వినిపించింది. ఆయన ఇంకా సగం దూరంలోనే ఉన్నాడు.