పెద్దబోటు కదలని రోజులు

జువ్వలదిన్నెలో పుట్టి, సముద్రం పేరు చెబితే కడుపులో తిప్పే మనిషి ఒక్కడే ఉన్నాడు. అతను పెంచల్. తాత సముద్రం మీదే బతికాడు, తండ్రీ అంతే, అక్క వనజాక్షి మొగుడు గంగాధరానికి సొంత బోటే ఉంది. పెంచల్ మాత్రం కుర్రతనంలో మొదటిసారి వేటకు పోయినప్పుడు, బోటు ఇంకా ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దాటకముందే అంచు పట్టుకుని వంగినవాడు, తిరిగొచ్చి ఒడ్డున దిగేదాకా తల ఎత్తలేదు. "అందరూ చేపలు పట్టేదానికి పోతారు, నేను చేపలకు మేతేసేదానికి పోయినా" అని ఆ సంగతి తనే నలుగురిలో చెప్పి నవ్విస్తాడు. ఎవరో చెప్పి నవ్వించేకంటే తనే చెప్పుకుంటే కాస్త పరువుగా ఉంటుందని అతని నమ్మకం.

సముద్రం వద్దందని నెల్లూరుకు పోయి కంప్యూటరు కోర్సు చేశాడు. ఆ కోర్సులో సగం రోజులు కరెంటు లేదు, మిగతా సగం రోజులు సారు రాలేదు. అయినా సర్టిఫికెట్టు మాత్రం మంచి అట్ట మీద ఇచ్చారు. దాన్ని ఫ్రేము కట్టించి హార్బరుకు పోయే దారిలో దుకాణం తెరిచాడు. దుకాణమంటే గంగాధరం ఒకప్పుడు వలలు పెట్టుకున్న రేకుల గది. జిరాక్సులు, ఆధార్ ప్రింట్లు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు. ఊళ్లో కంప్యూటరు తెలిసినవాడు ఇంకొకడు లేడు. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం కదా. పెంచల్ ఆ వృక్షం నీడలో తనే కూర్చుని హాయిగా ఉన్నాడు.

వేసవిలో వేట నిషేధం వస్తుంది. బోట్లన్నీ ఒడ్డుకు కట్టేస్తారు. వలలు బాగుచేసుకోవడం అయ్యాక మగవాళ్లకు పొద్దు పోదు. అది కనిపెట్టిన పెంచల్, నెల్లూరులో శివశంకర్ దగ్గర ఒక పాత గ్రాఫిక్స్ కార్డు కొని, ఒక కంప్యూటరుకు బిగించి, కారు పందెం ఆట ఎక్కించాడు. బొమ్మలు బరువైన ఆటలు గడగడా నడవాలంటే ఆ కార్డు ఉండాలి. ఊరు ఆ కంప్యూటరుకు పెద్దబోటు అని పేరు పెట్టింది. నిషేధం రోజుల్లో ఏ బోటు వాళ్లు ముందు గీత దాటుతారా అని పందేలు మొదలయ్యాయి. పుట్టి బుద్ధెరిగి కారు తోలని గంగాధరం అందులో అందరికంటే పిచ్చి పట్టినవాడు. బోటు మలుపు తిరగాలంటే చాలా ముందునుంచే చుక్కాని తిప్పాలి. ఆయన కారునీ అట్లాగే తిప్పేవాడు. కారు గోడకు కొట్టుకునేది. "గోడ యాడ పెట్టాల్నో తెలీనోడు కట్టినాడు ఈ రోడ్డు" అని మళ్లీ మొదలుపెట్టేవాడు.

ఈ ఏడు నిషేధం మధ్యలో ఉష చెల్లెలి పెళ్లికి వెంకటాచలం పోవాల్సి వచ్చింది. ఉష పెంచల్ భార్య. దుకాణం కొన్నాళ్లు మూయాలి. ఒడ్డున ఉన్నవాళ్లకు ఒక అలవాటుంది: ఇనుప వస్తువు ఏదైనా నాలుగు రోజులు ఊరికే ఉంచాలంటే ఉప్పుగాలి తినేస్తుందని గ్రీజు పూసి, గుడ్డ చుట్టి పెడతారు. బోటు ఇంజిన్లకు గంగాధరం చేసేది పెంచల్ చిన్నప్పటినుంచీ చూస్తూనే ఉన్నాడు. కడుపు ఒప్పుకోకపోయినా రక్తం బెస్తరక్తమే కదా. పెద్దబోటు తీగలన్నీ పీకి, మరలకు పల్చగా గ్రీజు పూసి, వెనకున్న చిల్లులన్నిటికీ నల్ల టేపు అతికించి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పి, తన తెలివికి తనే మురిసిపోయి పెళ్లికి పోయాడు.

తిరిగొచ్చి తీగలు పెట్టి ఆన్ చేస్తే బొమ్మ వచ్చింది. అదే సమయంలో కంప్యూటరు తనంతట తాను ఏదో అప్‌డేట్ చేసుకుంటానంది. పెంచల్ సరేనన్నాడు. ఆ సాయంత్రం పందెం పెట్టారు. కారు ఒక అడుగు పోయి ఆగింది. మళ్లీ ఒక అడుగు పోయి ఆగింది.

"ఏందిరా పెంచలా ఇది? కారు తోలుతుండానా, బురదలో ఎద్దులబండి తోలుతుండానా?" అన్నాడు గంగాధరం.

"డ్రైవర్ సమస్య బావా."

"నాకు తోలేది రాదంటావా?"

"నిన్ను కాదు బావా. కార్డుకీ కంప్యూటరుకీ మధ్య మాట మోసేది ఒకటుంటాది, దాన్ని డ్రైవర్ అంటారు. ఇందాక అప్‌డేట్ వచ్చి దాన్ని చెడగొట్టుండాది."

ఆ మాట ఎంత ధీమాగా చెప్పాడంటే తనే నమ్మేశాడు. పెంచల్ జీవితంలో పెద్ద పొరపాట్లన్నీ అట్లా ధీమాగా మొదలైనవే.

మర్నాడు పాత డ్రైవర్ తీసేసి కొత్తది వేశాడు. కారు ఇదివరకటంత నెమ్మదిగానే కదిలింది. కొత్తది తీసేసి పాతదే మళ్లీ వేశాడు. అదే నత్తనడక. శివశంకర్‌కు ఫోన్ చేస్తే, "డ్రైవరే అన్నా, ఏర్లతో సహా పెరికి మళ్లీ ఎయ్" అన్నాడు. శివశంకర్‌కు కరెంటు పోయిందని చెప్పినా డ్రైవరే అంటాడు. పెంచల్ కంప్యూటరు అరకొరగా నడిచే సేఫ్ మోడ్‌లోకి పోయి వేర్లతో సహా పెరికాడు. అక్షరాలు గుమ్మడికాయలంత అయ్యాయి. భోజనం తెచ్చిన ఉష చూసి, "టీవీ పెద్దది కొన్నావా?" అని అడిగింది. అతను మళ్లీ డ్రైవర్ పెరకడంలో పడ్డాడు. అన్నం చల్లారిపోయింది.

మధ్యలో ఒకసారి పెట్టె మూత తీసి కార్డు మీద చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది. ఆట ఆడేటప్పుడు అది పెనంలా కాలాలి. పని చేయని ఎద్దుకు చెమట పట్టదని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. పెంచల్ మాత్రం, "చూసినారా, నేనేసిన డ్రైవర్ కార్డును ఎంత చల్లగా పెట్టుండాదో" అని చుట్టూ ఉన్నవాళ్లకు చూపించాడు. తర్వాత్తర్వాత ఈ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఒంటరిగా ఉన్నా ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు.

జనం రావడం తగ్గింది. హజరత్తయ్య బోటు వాళ్లు విడవలూరులో ఇంకో దుకాణం వెతుక్కుంటామన్నారు. బోట్లు బయల్దేరే రోజు దగ్గర పడుతోంది. గంగాధరం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మా వంటాయన చిన్నపోలయ్య ఈ ఏడు రానన్నాడు. బోట్లు పొయ్యే లోపల ఇది బాగయిందా, సరే. కాలేదా, ఈ గదికి తాళమేసి గరిటె పట్టుకుని నా బోటెక్కు. ఎన్నాళ్లని ఈగలు తోలతా కూసుంటావు?"

ఆయన కోపంతో అనలేదు. అందుకే పెంచల్‌కు భయం వేసింది. కోపంతో అన్న మాట మర్నాటికి పోతుంది, ప్రేమతో అన్న మాట పోదు. బోటు మీద కుతకుతలాడే చేపలపులుసు ముందు తను కూర్చున్నట్టు, ఆ పులుసులో ఏమేం కలిసే ప్రమాదం ఉందో, అన్నీ కళ్లకు కట్టాయి. సముద్రం భయం ఒక్కటే కాదు, ఆ దుకాణం పోతే తను ఊళ్లో ఇంకేమీ కాడు. కంప్యూటరు పెంచల్ అన్న పేరు పోయి మళ్లీ మేత పెంచల్ అవుతాడు.

ఇక లాభం లేదని పెద్దబోటును నెల్లూరుకు ఎత్తుకుపోదామనుకున్నాడు. తీగలు పీకి, ఆటోలోకి ఎక్కించడానికి ఒక పక్క తను, ఒక పక్క ఉష పట్టుకున్నారు. పెట్టె వెనక భాగం ఉష వైపు ఉంది.

"ఈ కింద చిల్లులకేసిన టేపు ఇంకా తియ్యలేదేందయ్యా?"

పెంచల్ వంగి చూశాడు. పైన ఒక చిల్లు ఉంది, టేపు తీసి ఉంది, మానిటరు తీగ ఇన్నాళ్లూ ఉన్నది అందులోనే. అది కంప్యూటరు సొంత చిల్లు, మామూలు బొమ్మలకు సరిపోయేది. కింద వరసలో ఉన్నవి కార్డు చిల్లులు. వాటి మీద నల్ల టేపు బిగుతుగా, అందంగా, ఒక్క బుడగ కూడా లేకుండా అతికి ఉంది. ఆ టేపు అతికించిన చెయ్యి తనదే. ఇన్నాళ్లూ కార్డు పనీపాటా లేకుండా హాయిగా కునుకు తీస్తుంటే, తను దాని డ్రైవర్‌ను పెరికి నాటి, పెరికి నాటి చచ్చాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారే, ఆ సామెత తనను చూసే పుట్టించారేమో అనుకున్నాడు.

పెట్టెను మళ్లీ లోపలికి తెచ్చి, నేల మీద కూర్చుని టేపు పీకాడు. మానిటరు తీగను కింది చిల్లులోకి మార్చాడు. కారు రివ్వుమని పోయింది. ఉష నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి నవ్వి దగ్గింది.

"ఎవురికీ చెప్పబాక" అన్నాడు పెంచల్.

"నాకేం పని" అంది ఉష.

సాయంత్రం దుకాణం నిండింది. గంగాధరం యథాప్రకారం ముందే తిప్పి గోడకు కొట్టాడు, అయినా ముఖం వెలిగిపోయింది. "ఏం చేసినావురా?" అని అడిగాడు. టేపు తీశాను అంటే సరిపోయేది. రెండే మాటలు. కానీ గదిలో అంతమంది తనవైపు అట్లా చూసి ఎన్నాళ్లయిందో.

"వెర్షన్ల గొడవ బావా" అని మొదలుపెట్టాడు. పాత డ్రైవర్ కొత్త అప్‌డేట్‌కు ఎట్లా లొంగదో, లోపల మిగిలిన ముక్కలను ఒక్కొక్కటే ఎట్లా ఏరాలో చెప్పుకుంటూ పోయాడు. నాలుక అదుపు తప్పింది. చివరికి తనకు తనే అర్థం కాలేదు. అంతా వింటున్నారు. కొందరు తల దించుకుని వింటున్నారు, అది గౌరవమనుకున్నాడు.

"అయితే మంచిది" అన్నాడు గంగాధరం. "మా బోటులో చేపలు యాడుండాయో చూపించే పెట్టె లేదా? పోయిన ఏడు నడిసముద్రంలో మూగబోయింది. ఇంత తెలిసినోడివి, ఈసారి నువ్వు పెట్టె పక్కనే కూసో. వంటకు ఇంకెవురినో చూస్తాలే."

పెంచల్‌కు గరిటె తప్పింది, బోటు తప్పలేదు. తను తవ్వుకున్న గొయ్యి ఇంత నున్నగా, ఇంత సరిగ్గా తన కొలతకే ఉంటుందని అనుకోలేదు.

ఇంటికొచ్చి, "నిజం చెప్తే పరువు పోతాది, చెప్పకపోతే పేగులు పోతాయి" అన్నాడు. ఉష జాలిపడి నిమ్మకాయలూ ఉప్పూ మూటగట్టింది. పరువు సంగతి మాత్రం ఏమీ అనలేదు.

బోట్లు బయల్దేరే రోజు హార్బరంతా పసుపు, కుంకుమ, పగిలిన గుమ్మడికాయలు. ఇంజిన్లు మొదలయ్యాయి. బోటెక్కే చెక్క మీద కాలు పెట్టిన పెంచల్‌కు అప్పుడే కడుపులో కదిలింది. పరువుకంటే ప్రాణం తీపి. అక్కడే నిలబడి గంగాధరాన్ని దగ్గరికి పిలిచాడు.

"బావా, అది డ్రైవర్ కాదు. ఏ వెర్షనూ కాదు. పెళ్లికి పోతా నేనే టేపేసినా. తియ్యడం మర్చిపోయి తీగ వేరే చిల్లులో పెట్టినా. ఇంక నాకేమీ తెలీదు. నన్ను దించెయ్."

"టేపు సంగతా?" అన్నాడు గంగాధరం. "ఆ రోజే మీ అక్క చెప్పిందిలే. దానికి ఉష చెప్పిందంట."

"ఆ రోజంటే... నేను చెప్పేటప్పటికే?"

"అందరికీ తెలుసురా. హజరత్తయ్య అయితే నవ్వాపుకోలేక బయటికి పొయ్యి నిలబడ్డాడు."

పెంచల్‌కు ఆ తల దించుకున్న శ్రోతలంతా ఒక్కసారి కళ్లముందు మెదిలారు. భూమి చీలితే దూరిపోదామనుకున్నాడు, కానీ కాళ్ల కింద భూమి కూడా లేదు, చెక్క ఉంది.

"తెలిసి మళ్లీ నన్నెందుకు ఎక్కమంటావు?"

గంగాధరం తాడు చుడుతూనే చెప్పాడు. "పెట్టె మూగబోతే మావోళ్లు రెండు గుద్దులు గుద్ది ఒదిలేస్తారు. నువ్వు అన్నం కూడా మాని దాని ముందర కూసున్నావు. తప్పు నీదే అయినా, దొరికేదాకా లెయ్యలేదు. అట్టాంటోడు ఒకడు కావాల నాకు. వాంతులైతే అయినాయి, సముద్రం కడుక్కుంటాదిలే. ఎక్కు."

పెంచల్‌కు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లలో ఏ బోటూ తను కావాలని అడగలేదు. అతను ఎక్కాడు.

ఏటిమొగ దాటకముందే అంచు పట్టుకుని వంగాడు. వెనకనుంచి ఎవరో "మేత మొదలైంది" అని కేకేశారు, తనూ వాళ్లతో పాటు నవ్వబోయి మళ్లీ వంగాడు. కాసేపటికి నిమ్మకాయ చప్పరిస్తూ పాక్కుంటూ వచ్చి చేపలపెట్టె పక్కన కూర్చున్నాడు. దాన్ని ఆన్ చేయకముందే వెనక్కి చెయ్యి పెట్టి, ఏ తీగ ఏ చిల్లులో ఉందో తడిమి చూసుకున్నాడు.