రెండు గీతల చీటీ

మా పేటలో బుధవారం మధ్యాహ్నం స్త్రీల కూడిక జరిగేది. పాటలయ్యాక పాస్టరుగారి భార్య, మేమంతా అమ్మగారు అని పిలిచే ఆవిడ, చీటీల డబ్బా మూత తీసేవారు. ఎవరి అవసరం వాళ్ళు చీటీ మీద రాసి అందులో వేస్తే, ఆవిడ ఒక్కొక్కటీ పైకి చదివేవారు. అందరం కలిసి ప్రార్థన చేసేవాళ్ళం. చీటీల మీద పేర్లుండవు. అయినా ఎవరిదో అందరికీ తెలిసిపోయేది. "గేదె చూడి నిలవాలి" అని చదవగానే వెనక నుంచి ఎవరో, "మళ్ళీ ఆ గేదేనా వదినా!" అనేవారు.

నలభై దాటేవరకు నాకు అక్షరం ముక్క రాదు. నా చీటీలు పక్కింటి అమ్మాయి రాసి పెట్టేది. నేను చెప్పింది ప్రభువుకు చేరేలోపే బోరింగు దగ్గరికి చేరేది. అందుకే, సాయంత్రాలు చర్చి వరండాలో చదువు చెబుతానని అమ్మగారు అన్నప్పుడు అందరికంటే ముందు వెళ్ళి కూర్చున్నాను. మా ఆయన నందివాడ వైపు చేపల చెరువుల దగ్గర కాపలా పని చేసేవాడు. పదిహేను రోజులకోసారి దివిసీమలో మా ఇంటికి వచ్చేవాడు. నా రెండు గీతల కాపీ పుస్తకం చూసి నవ్వాడు.

"ఏంటే, కలెక్టరువవుతావా?"

"అయితే ముందు మీ చెరువు మీదకే వస్తా తనిఖీకి" అన్నాను.

ఆ ఏడు నాట్లప్పుడు, స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో చేతికి ఏదో తగిలింది. శనగగింజంత ఉంది. నొప్పి లేదు. ఎవరికి చెప్పను? ఆ మాట నోటితో అనడానికే సిగ్గు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసి ఇచ్చిన నూనె ఇంట్లో ఉంది. రోజూ తలుపేసుకుని అది రాసేదాన్ని. రాశాక వేలితో కొలిచేదాన్ని. తగ్గిందనిపించిన రోజు అన్నం సహించేది. మర్నాడు మళ్ళీ చూస్తే నిన్న కొలిచింది తప్పనిపించేది. కలుపులు తీసేనాటికి చింతగింజంత అయింది. కోతలకు రేగుపండంత. పనలు కడుతూ కూడా మోచేయి ఒంటికి ఆనించి, అది ఉందా లేదా అని చూసుకునేదాన్ని.

నా ఆశ ఒకటే. కత్తి పడకుండా అది కరిగిపోవాలి. అప్పుడు కూడికలో లేచి సాక్ష్యం చెప్పాలి. ఆ సాక్ష్యం మొదటి మాట నుంచి చివరి మాట దాకా మనసులో సిద్ధం చేసి పెట్టుకున్నాను.

ఒక రోజు కాపీ పుస్తకంలో ఒక కాగితం చింపి పెన్సిలుతో రాశాను. ఎవరికీ చెప్పకుండా, ఎవరి చేతా రాయించకుండా నేను రాసుకున్న మొదటి మాటలవి. "ప్రభువా, ఎడమ రొమ్ములో గడ్డ ఉంది. కరిగించు. ఎవరికీ తెలియనివ్వకు." నాకు రాయడం వచ్చిందని పేటలో ఎవరికీ నమ్మకం లేదు. కాబట్టి పైకి చదివినా నాదని ఎవరూ అనుకోరని ధైర్యం.

ఆ బుధవారం అమ్మగారు నా చీటీ విప్పారు. చదవలేదు. ఆవిడ దాన్ని మడిచి గుప్పిట్లో పెట్టుకున్నారు.

"చదవండమ్మా, మాకు తెలీని కష్టాలేం ఉంటాయి?" అంది ఒక ముసలమ్మ.

"ఇది నాకు వచ్చిన చీటీ" అని ఇంకోటి తీశారు.

అందరూ వెళ్ళాక నన్ను ఆపారు. రెండు గీతల మధ్య పట్టక బయటికి జారే ఆ అక్షరాలు దిద్దించింది ఆవిడే కదా. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"నాట్లప్పటి నుంచండి. నూనె రాస్తున్నానండి. ఇప్పుడు డాక్టరు దగ్గరికి వెళితే ప్రభువు మీద నాకు నమ్మకం లేనట్టే కదండీ?"

"మరి నాకు చీటీ రాశావెందుకు?"

"మీకు కాదండీ. ఆయనకి రాశాను."

"ఆయన నా చేత తెరిపించాడు. రేపు తొమ్మిదింటి బస్సుకి రా. బందరు వెళ్దాం."

బందరు ఆసుపత్రిలో డాక్టరమ్మ సూదితో కొంచెం తీసి పరీక్షకు పంపారు. పది రోజులకు రమ్మన్నారు. ఆ పది రోజులూ కూర మాడ్చాను, మేక కట్టు విప్పడం మరిచాను, ప్రార్థనకు మోకరించి మాటలు రాక లేచాను. చెడ్డగడ్డ కాదనే చెబుతారని నమ్మాను. నమ్ముతున్నానా, నమ్ముతున్నట్టు నటిస్తున్నానా అన్నది తేల్చుకోలేకపోయాను.

చెడ్డగడ్డే అన్నారు. రొమ్ము తీసేయాలన్నారు. కబురు అందుకుని వచ్చిన మా ఆయన, "నాకెందుకు చెప్పలేదే?" అని ఒక్కసారే అడిగాడు. ఆపరేషను కాగితం మీద సంతకం పెట్టమంటే పేరు సగంలో ఆగిపోయింది. నర్సు సిరా డబ్బా ముందుకు జరిపింది. వేలిముద్ర వేశాను.

ఇంటికి వచ్చాక చూడ్డానికి వచ్చిన మా ఆడపడుచు మంచం పక్కన కూర్చుని, "విశ్వాసం చాలక కోత పడింది వదినా" అంది. నాకూ ఆ అనుమానం ఉంది. నేను దాచుకున్న సాక్ష్యంలో ఒక్క మాట కూడా ఇప్పుడు పనికిరాదు. ప్రభువు దాన్ని కరిగించలేదు. ఎందుకో చెప్పలేదు. నా చీటీ మాత్రం చేరవలసిన చేతికి చేరింది. కూలిన ఇంట్లో నిలిచిన ఒక్క గుంజను పట్టుకున్నట్టు దాన్నే పట్టుకున్నాను.

కొన్ని నెలల తర్వాత ఇంకో చీటీ రాశాను. కింద నా పేరు కూడా రాసి, పైకి చదవమని అమ్మగారిని అడిగాను. "రొమ్ములో గడ్డ దాచుకుని ఆలస్యం చేశాను. ఆపరేషను అయింది. మళ్ళీ వస్తుందేమోనని భయంగా ఉంది. ప్రార్థన చేయండి." చదవడం అయ్యాక ఎవరూ వెంటనే కళ్ళు మూసుకోలేదు. గేదె గురించి ఎగతాళి చేసే గొంతు కూడా లేవలేదు.

మర్నాడు బోరింగు దగ్గర మా ఆడపడుచు బిందె నిండి పొర్లుతున్నా చేయి తీయకుండా కొడుతోంది.

"నీళ్ళు పోతున్నాయి వదినా" అన్నాను.

ఆమె అటూ ఇటూ చూసింది. నా చేయి పట్టుకుని పైట కింద పెట్టింది. "ఇది చూడు. ఇదేనా?"

నా వేలికి తెలుసు.

ఆ వారమే ఇద్దరం తొమ్మిదింటి బస్సెక్కాం. చల్లపల్లి దాటేదాకా ఆమె కిటికీ కడ్డీ పట్టుకుని బయటికి చూసింది. తర్వాత, "నాది కరిగిపోద్దంటావా?" అంది.

"తెలీదు వదినా."

"నువ్వు ప్రార్థన చేస్తన్నావా మరి?"

"నువ్వు అడిగిన దగ్గర్నుంచీ అదే పని."

ఆమె వేళ్ళు నా వేళ్ళలో బిగుసుకున్నాయి. బందరులో దిగేదాకా వదల్లేదు.