పెద్దమ్మ కాలి నాడి

పెద్దమ్మ పోయిందని నర్సీపట్నంలో నాకు కబురు చెప్పింది చింతపల్లి జీపు డ్రైవరు. జ్వరం తగిలిందట. "నిద్దట్లోనే ఎల్లిపోనాది బాబూ, ఎవర్నీ లేపనేదు," అన్నాడు. అమ్మ చనిపోయాక నన్ను పెంచింది ఈ పెద్దమ్మే, అమ్మకు అక్క.

చింతపల్లి దగ్గర కొండవాలులో వాళ్ల కాఫీ తోట. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తూ పొద్దున్నే ఎక్కేది. మా వైపు ఆడవాళ్లకి ఈ అడ్డపొగ మామూలే. ఆమెకి డెబ్బై దాటాక ఒక చలికాలం, సగం దారిలో ఎడమ పిక్క పట్టేయడం మొదలైంది. నిలబడితే తగ్గేది, నడిస్తే మళ్లీ వచ్చేది. వయసు నొప్పులే అనుకున్నాం. ముల్లు గీరుకున్న బొటనవేలి పుండు ఎంతకీ మానకపోయేసరికి ఆస్పత్రికి తీసుకెళ్లాను.

కొత్తగా వచ్చిన డాక్టరు చిన్నవాడు. నాడి చూస్తాడని ఆమె చెయ్యి చాపితే ఆయన వంగి పాదం పట్టుకున్నాడు. పెద్దమ్మ గబుక్కున కాలు లాక్కుంది.

"డాట్రుబాబు నా కాళ్లు పట్టుకోడమేటి? తప్పు గదా."

కాలికీ నాడి ఉంటుందని చెప్పి, ఆయన పాదాల పైన, చీలమండల వెనక వేళ్లు ఆనించి చాలాసేపు చూశాడు. బల్ల మీద పడుకోబెట్టి రెండు కాళ్లూ పైకెత్తించాడు. కాసేపటికి ఎడమ అరికాలు పాలిపోయింది. లేచి కూర్చుని కాళ్లు వేలాడదీస్తే, కుడి పాదానికి వెంటనే రంగు తిరిగొచ్చింది. ఎడమది అలాగే ఉండిపోయి, ఆలస్యంగా ముదురు ఎరుపుకి తిరిగింది. ఆ కాలికి రక్తం సరిగా అందడం లేదనీ, చుట్ట మానకపోతే కాలే తీసెయ్యాల్సి రావచ్చనీ చెప్పాడు. పెద్దమ్మ తన పాదాన్ని ఇంకెవరిదో అన్నట్టు చూసుకుంది.

"కాలు పోతే కొండెలాగ ఎక్కుతాను బాబూ? సుట్టే పోనీ."

అన్నంత తేలిక కాలేదు. కొన్నాళ్లు ప్రతిదానికీ కసిరేది. పెద్దనాన్న అన్నం తినగానే తోటలోకి తప్పుకునేవాడు. చుట్టకి బదులు ఎండు ఉసిరిముక్క బుగ్గన పెట్టుకుని పెద్దమ్మ గుమ్మంలో కూర్చునేది. ఒకసారి ఏడుస్తూ కనిపించింది. చుట్ట మాత్రం మళ్లీ ముట్టలేదు. వేలు కొంచెం వంకరపోయినా పుండు మానింది, కాలు దక్కింది. నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్లీ నడవమన్న డాక్టరు మాట చివరిదాకా పాటించింది. చుట్ట కాల్చే ఆడవాళ్లెవరైనా పిక్క నొప్పంటే, ముందు పాదం చూపించుకోమని ఆస్పత్రికి తరిమేది.

పోయిన చలికాలం ఆమెతో తోటకి ఎక్కాను. మిరియాల తీగ అల్లుకున్న సిల్వర్ ఓక్ చెట్టుకి చెయ్యి ఆనించి ఆగింది. నేనూ ఆగాను.

"నువ్వు పదరా. ఆగితే ఏటయిపోద్ది, కొండేటి పారిపోతాదా."

నాలుగడుగులు పైకి వెళ్లి వెనక్కి చూస్తే పొగమంచు ఆమెను కప్పేసింది. అది కదిలేకొద్దీ ముందు చీర అంచు కనిపించింది, తర్వాత పాదాలు. అవి అప్పటికే నడుస్తున్నాయి.