ఆకుపచ్చ పట్టీ

మా పిన్ని చేతికి ఆకుపచ్చ పట్టీ కట్టి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ పట్టీ గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నేను విజయవాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఎమర్జెన్సీ డాక్టర్ని. ఆ రోజుల్లోనే మావాళ్ళు కొత్త సాఫ్ట్‌వేర్ ఒకటి కొన్నారు. వచ్చిన మనిషి వయసు, జ్వరం, నాడి, బీపీ అందులో కొడితే ప్రాణానికి ప్రమాదం ఎంతో రంగుతో చెబుతుంది. ఎరుపైతే ఐసీయూ, పసుపైతే మంచం, ఆకుపచ్చయితే కుర్చీ. ఎక్కడో మహానగరంలో, పెద్ద ఆస్పత్రికి వచ్చే రోగుల వివరాలతో తయారు చేశారు దాన్ని.

"ముందు మన పేషెంట్ల మీద సరిచూద్దాం సార్. పాత కేసులు తీసి, ఇది ఏ రంగు చెబుతోందో, ఆ మనిషికి నిజంగా ఏమైందో పోల్చి చూశాక పెడదాం" అన్నాను మీటింగులో మేనేజరుగారితో.

"అక్కడ అన్నీ టెస్ట్ చేసే ఇచ్చారండీ మేడమ్. మనిషి ఎక్కడైనా మనిషే కదా!" అన్నారాయన. గదిలో అందరూ నవ్వారు.

మనిషి మనిషే, కాదనను. కానీ మా దగ్గరికి మనిషి సరాసరి రాడు. ఇక్కడ జ్వరమొస్తే ముందు ఊళ్ళో ఆరెంపీ డాక్టరు దగ్గరికి వెళ్తారు. ఆయన ఇంజెక్షన్ చేస్తాడు, జ్వరం దిగుతుంది. మళ్ళీ వస్తుంది, మళ్ళీ ఇంజెక్షన్. ఇక లాభం లేదనుకున్నాక, దారిలో ఇబ్బంది పడకుండా ఇంకొకటి చేయించుకుని మరీ బస్సెక్కుతారు. మా గుమ్మం తొక్కేసరికి ఒళ్ళు చల్లగా ఉంటుంది, లోపలి రోగం లోపలే ఉంటుంది. ఆ మహానగరంలో జ్వరం లేదంటే లేదనే అర్థం. మా దగ్గర జ్వరం లేదంటే పొద్దున్నే సూది పడిందని అర్థం. ఈ ముక్క ఆ సాఫ్ట్‌వేర్‌కి ఎవరూ చెప్పలేదు, చెబుతానన్న నన్ను చెప్పనివ్వలేదు.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. హనుమాన్ జంక్షన్ అవతల పల్లెటూళ్ళో ఉంటుంది, షుగరు మనిషి. నేను డ్యూటీలో ఉంటానని, నన్ను కదిలించడమెందుకని, ఫోనైనా చేయకుండా బాబాయిని వెంటబెట్టుకుని వచ్చేసింది. వేరే కేసు కోసం పరుగెడుతూ హాల్లో ఆవిణ్ణి చూశాను.

"నాకేం పర్వాలేదులేవే. జ్వరం కూడా దిగిపోయింది. ఊళ్ళో ఇంజీషను చేశాడుగా" అంది. చేతికున్న పట్టీ చూపించి, "ఇదిగో, నాకు పచ్చ రంగొచ్చింది. మంచిదేనంట" అని నవ్వింది కూడా.

చెయ్యి పట్టుకున్నాను. ఐసులా ఉంది. నేను అడిగినదానికి కాసేపు ఆగి ఆగి జవాబు చెబుతోంది. నిన్నటినుంచి ఒంటేలు సరిగ్గా రావట్లేదని బాబాయి నెమ్మదిగా చెప్పాడు.

మంచం కావాలని అరిచాను. నర్సు కంప్యూటర్ వైపు చూసి, "గ్రీన్ వచ్చిందండీ మేడమ్. గ్రీన్‌కి బెడ్ ఇవ్వొద్దని చెప్పారండీ" అంది. ఆ అమ్మాయిని అని ఏం లాభం? మేనేజరుగారికి ఫోన్ చేసి, "మంచం ఇవ్వకపోతే ఈ హాల్లోనే నేల మీద పడుకోబెట్టి సెలైన్ ఎక్కిస్తాను, వచ్చి చూసుకోండి" అన్నాను. నోటికొచ్చినవి ఇంకా చాలా అన్నాను, అవి ఇక్కడ రాయను. మంచం దొరికింది. సాయంత్రానికి బీపీ పడిపోయి మంచం కాస్తా ఐసీయూ అయింది. కిడ్నీలో పుట్టిన ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిపోయింది. బాబాయి బయట మోకాళ్ళ మీద కూలబడి ప్రార్థన చేస్తుంటే, లోపల నేను మిషన్ని, మేనేజర్ని, నవ్వినవాళ్ళందర్నీ తిట్టుకుంటూ పనిచేశాను.

పిన్ని బతికింది. చర్చిలో లేచి నిలబడి, దేవుడే తనని నిలబెట్టాడని సాక్ష్యం చెప్పింది. నా పేరెత్తలేదు. ఆ పుణ్యం దేవుడికిచ్చినందుకు నాకేం బాధ లేదు.

కొన్నాళ్ళకి మీటింగు పెట్టారు. ఆకుపచ్చ వచ్చినవాళ్ళలో ఒక్కరు కూడా చనిపోలేదని, సాఫ్ట్‌వేర్ మన దగ్గర కూడా బ్రహ్మాండంగా పనిచేస్తోందని గోడ మీద బొమ్మలేసి చూపించారు మేనేజరుగారు.

"అందులో మా పిన్ని ఉందా?" అన్నాను.

"ఉన్నారండీ. గ్రీన్ వచ్చింది, బతికారు. కరెక్టేగా మేడమ్?"

దాన్ని కాదని పోట్లాడి లాక్కొచ్చిన మనిషిని తీసుకెళ్ళి దాని గెలుపు కింద రాసుకున్నారు!

"మరి కుర్చీలోంచే ఇంటికి పంపేసినవాళ్ళు?"

"వాళ్ళు మళ్ళీ రాలేదండీ. అంటే బాగున్నట్టే కదా."

"ఒక్కరికైనా ఫోన్ చేశారా?"

ఎవరూ చేయలేదు. ఇంకెక్కడైనా చేరారో, ఇంట్లోనే పోయారో ఆ గదిలో ఒక్కరికీ తెలియదు. బతికించిన పుణ్యం మాత్రం మిషన్‌కి కట్టబెట్టేశారు. దేవుడి దగ్గర ఊరుకున్నాను గానీ అక్కడ ఊరుకోలేకపోయాను. కుర్చీ వెనక్కి నెట్టి బయటికొచ్చేశాను.

కింద హాలంతా ఆకుపచ్చ పట్టీలే. పిన్ని కూర్చున్న కుర్చీలో ఇబ్రహీంపట్నం నుంచి వచ్చిన పెద్దాయన ఉన్నాడు.

"ఇంజెక్షన్ ఏమైనా చేయించుకున్నారాండీ?" అన్నాను.

"పొద్దున్నే చేయించుకునే బయల్దేరానమ్మా. ఇప్పుడు పర్వాలేదండీ" అన్నాడు.

చెయ్యి పట్టుకున్నాను. ఐసులా ఉంది.

"ఇక్కడ మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా పనిచేస్తున్నారా?"

"మాకెవరు తెలుస్తారమ్మా" అన్నాడాయన.

జేబులోంచి కత్తెర తీసి ఆ పట్టీ కత్తిరించేశాను.